బొమ్మ చూసి చెప్పలేం

మా ఊరింటి మిద్దె మీద ఇరవై అడుగుల ఇనప గొట్టం ఒకటి ఇంకా నిలబడే ఉంది. దాని తల మీద ఉండాల్సిన టీవీ యాంటెన్నా అల్యూమినియం పుల్లలు ఒక్కొక్కటే రాలిపోయి చాలా ఏళ్లయింది. గొట్టానికీ నీళ్ల ట్యాంకు దిమ్మెకీ మధ్య అమ్మ తాడు కట్టి బట్టలు ఆరేసుకుంటుంది. 2022లో ఒకరోజు, దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను మూసేస్తున్నారని, వ్యూహాత్మకంగా ముఖ్యమైన ఓ యాభై చోట్ల మాత్రం ఉంచుతున్నారని చదివి అమ్మకు ఫోన్ చేశాను.

"మన గొట్టానికి ఇంక పనిలేదమ్మా" అన్నాను.

"పని లేకపోవడమేందిరా? దుప్పట్లు దాని మీదే కదా ఆరేది" అంది.

మూత పడ్డదేమిటో ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? మా ఇంట్లో దాన్ని చూడటం ఎప్పుడో మానేశాం. కానీ ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ గొట్టమే కళ్ల ముందు మెదిలింది. దాని కింద గడిచిన సాయంత్రాలు నాకు మనుషుల గురించి ఏదో చెప్పాయి. అప్పుడు వినలేదు. అమ్మ జబ్బు పడ్డాకే అర్థమైంది.

మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. హైదరాబాదులో 1977లోనే దూరదర్శన్ కేంద్రం వచ్చింది గానీ, అంత దూరం నుంచి బొమ్మ మాదాకా రాదు. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. భూమి వంపు అడ్డొచ్చే చోట వాటి బలం సన్నగిల్లిపోతుంది. మాకు దక్షిణాన ఎనభై కిలోమీటర్ల దూరంలో మద్రాసు ఉంది. అక్కడ 1975 నుంచీ కేంద్రం ఉంది. ఆ వంపు దగ్గర, అందీ అందని చోట ఉన్నాం మేము. అందుకే అంత పొడుగు గొట్టం. 1986లో నాయన మద్రాసు నుంచి సాలిడేర్ బ్లాక్ అండ్ వైట్ టీవీ బస్సులో ఒళ్లో పెట్టుకున్నంత పనిచేసి తెచ్చాడు. రైసుమిల్లులో గుమాస్తా. ఆ డబ్బు ఎలా కూడబెట్టాడో అమ్మకు తెలుసు, నాకు తెలియదు.

మొదటి తెర మా ఇంట్లో అరవంలో మాట్లాడింది. శుక్రవారం సాయంత్రం 'ఒలియుం ఒలియుం'లో పాటలొచ్చేవి. మాటలు సగం తెలిసీ సగం తెలియకా చూసేవాళ్లం. సరిహద్దు పల్లె కాబట్టి అందరికీ కొంత అరవం వచ్చేది, మిగతాది టీవీ నేర్పింది. ఎండాకాలం కొన్ని రాత్రుళ్లు సముద్రం మీద వేడిగాలి పొర, చల్లగాలి పొర ఒకదానిపై ఒకటి పరుచుకున్నప్పుడు తరంగాలు ఆ రెంటి మధ్య సొరంగంలో పడ్డట్టు ఎంతో దూరం ప్రయాణిస్తాయి. అప్పుడు మద్రాసు బొమ్మ మీదికి శ్రీలంక రూపవాహిని వచ్చి కూర్చునేది. నాయనమ్మ ఆ సింహళం వార్తలు కూడా శ్రద్ధగా చూసేది. ఎవరో అంత దూరం నుంచి వచ్చి మాట్లాడుతుంటే లేచిపోవడం మర్యాద కాదనేది.

బొమ్మ ఎప్పుడూ పూర్తిగా వచ్చేది కాదు. సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు, ఒక్కో బొమ్మా 625 గీతలుగా కోసి పంపేవాళ్లని తరువాత చదువుకున్నాను. అనలాగ్ అంటే పోలిక. కెమెరా ముందు వెలుగు ఎలా పెరిగి తగ్గితే తరంగమూ దానికి తగ్గట్టే మారుతుంది. దారిలో తరంగానికి తగిలిన ప్రతి దెబ్బా అలాగే బొమ్మలో కనిపిస్తుంది. సిగ్నల్ నీరసిస్తే చుక్కలు. వాటర్ ట్యాంకుకు తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం వల్ల మనిషి పక్కన అదే మనిషి నీడ. రోడ్డు మీద మోటార్‌సైకిల్ పోతే అడ్డంగా గీతలు. మోటరు వేస్తే గీతలు. బూస్టర్ కొంటే బొమ్మతో పాటు చుక్కలనూ పెంచేది. దూరదర్శన్ తనవైపు ఏదైనా ఆగిపోతే 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని ఒక పలక పెట్టేది. మా వైపు పోతే చింతించేవాళ్లు ఎవరూ ఉండరు. అన్న మిద్దె ఎక్కేవాడు, నేను గడపలో నిలబడేవాణ్ని. లోపలి నుంచి నాయనమ్మ "వచ్చింది... ఆగు, పోయింది... ఇంకాస్త మద్రాసు పక్కకి తిప్పు" అనేది. చూపు సరిగా ఆనని ఆవిడ మాటే మాకు కొలత.

1987 జనవరిలో ఆదివారం పొద్దున్నే రామాయణం మొదలయ్యేసరికి వరండా దాకా జనం. చుక్కల వానలో అరణ్యవాసం నడిచేది. ఎవరూ బొమ్మ బాగాలేదని లేచిపోలేదు. లేని ముక్కు, లేని కన్ను చూసేవాళ్లే పెట్టుకునేవాళ్లు. అప్పటి చూపు అలాంటిది. మద్రాసు నుంచి సగం వచ్చేది, మిగతా సగం మా ఇంట్లో తయారయ్యేది.

ఆ రోజులు గొప్పవని చెప్పడం నా ఉద్దేశం కాదు. అమ్మ ఆ జనానికంతా కాఫీలు కాచి, తాను ఒక్క వారం కూడా సీత మొహం తిన్నగా చూడలేదు.

నాయన అనలాగ్ మనిషి. ఈ మాట ఇప్పుడు అంటున్నాను గానీ, ఆయన బతికున్నప్పుడు 'ఎప్పుడూ ఏదో ఒకటి మూలుగుతుంటాడు' అనేవాళ్లం. ఆయనకు తగిలిన ప్రతి దెబ్బా ఆయన మీద కనిపించేది. పన్ను నొప్పి అయితే వీధి చివరిదాకా తెలుస్తుంది. మిల్లు ఓనరు ఒక మాట అంటే రాత్రి అన్నంలో అది వినపడేది. యాభై దాటాక మోకాళ్లు, అరవైకి చక్కెర, తరువాత చూపు, తరువాత గుండె. ఒక్కోటీ వచ్చినప్పుడల్లా రోజూ చెప్పేవాడు, వారం చెప్పేవాడు, వింటున్నామో లేదో చూసుకుని మళ్లీ చెప్పేవాడు. అలాంటి మనిషితో ఉండటం విసుగే. నేనూ విసుక్కున్నాను, ఆ విసుగు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ ఆయన 2011లో పోయినప్పుడు మాలో ఎవరికీ 'ఇదేమిటి, ఇంత హఠాత్తుగా' అనిపించలేదు. ఇరవై ఏళ్లుగా చుక్కలు ఒక్కొక్కటే ఎక్కువవుతూ వచ్చాయి. ఆ చుక్కల్లోంచే ఆయన్ని చూడటం అలవాటు చేసుకున్నాం. మాట ముద్దగా అయిపోయినా మాకు అర్థమయ్యేది. చివరి నెలలో ఆసుపత్రిలో నర్సు "ఏమంటున్నారండీ" అని మమ్మల్ని అడిగేది, మేము చెప్పేవాళ్లం.

అమ్మ సంగతి వేరు.

అది చెప్పే ముందు ఒక సాయంత్రం గురించి చెప్పాలి. 2006 జులై 10. శ్రీహరికోట మా ఊరికి తూర్పున పులికాట్ అవతల ఉంటుంది. రాకెట్టు పోతుందంటే ఊరంతా మిద్దెలెక్కుతుంది. ఆ రోజు పోయేది ఇన్సాట్-4సి. ఇంటింటికీ డిష్‌ల ద్వారా నేరుగా టీవీ ప్రసారాలు అందించడం కోసం పన్నెండు కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లతో తయారైన ఉపగ్రహం. అప్పటికి దూరదర్శన్ కూడా 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో ఉచిత డిష్ సేవ మొదలుపెట్టింది. అమ్మా నేనూ ఆ గొట్టం పక్కన నిలబడి చూశాం. మోకాళ్ల వల్ల నాయన మిద్దె ఎక్కలేక కింద నుంచి "పోయిందా? పోయిందా?" అని అరుస్తున్నాడు. రాకెట్టు లేచింది, ఎర్రగా, నిటారుగా. నిమిషం కాకముందే దారి తప్పింది. ముక్కలై సముద్రంలో పడింది. అందరూ నోట మాట లేకుండా నిలబడిపోయారు. అక్కడ పనిచేసే వాళ్ల ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ టీవీ పెద్ద గొంతుతో పెట్టలేదు. అమ్మ మెట్లు దిగుతూ "ఎన్నాళ్ల కష్టమో" అంది, అంతే. ఏడాది దాటాక, 2007 సెప్టెంబరు 2న, దాని బదులు ఇన్సాట్-4సిఆర్ అదే చోటు నుంచి పైకెళ్లి నిలిచింది.

అప్పుడు తెలుగు ఛానెళ్లు వచ్చి పదేళ్లు దాటింది. 1995లో ఈటీవీ, జెమిని మొదలయ్యాక అమ్మ మొదటిసారి తీరిగ్గా కూర్చుని తన భాషలో టీవీ చూసింది. కేబులు వైరు కిటికీలోంచి ఇంట్లోకి వచ్చింది, మిద్దె మీద గొట్టం అనాథ అయింది. తరువాత కేబులు కూడా డిజిటల్ కావాలని 2011లో చట్టం మారింది. ముందు నాలుగు మహానగరాలు, 2013 మార్చి ఆఖరుకు హైదరాబాదు, విశాఖపట్నంతో కలిపి ముప్ఫై ఎనిమిది నగరాలు, ఆపైన పట్టణాలు, పల్లెలు. మేము దానికోసం ఆగకుండా డిష్ పెట్టించాం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, నాయన పోయాక అమ్మకు తోడుంటుందని కొన్నాను. కొడుకులు చేసే పనుల్లో ఇదొకటి.

ఆ బొమ్మ ఎంత బాగుండేదో! చీర అంచులో జరీ కనిపించేది. అమ్మ కూడా అంతే. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తాను. గొంతు ఖంగున మోగేది. "నాకేంరా, బాగుండా. అంతా మామూలే. నువ్వెట్టుండావు, పిల్లలెట్టుండారు?" ఎనిమిదేళ్లు ఇదే మాట. ఒక్క చుక్క లేదు, ఒక్క గీత లేదు.

2019 సంక్రాంతి వెళ్లిన వారానికి, పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తూ పడిపోయింది. ఎదురింటి వాళ్లు చూశారు. నేను నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటారు?" నాకు ప్రశ్నే అర్థం కాలేదు. గుండె బలహీనపడినవాళ్లు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదట. తల ఎత్తు చేసుకుంటూ పోతారట. ఒక దిండు, రెండు, మూడు, చివరికి గోడకు చేరగిలబడి నిద్ర. కాళ్లు ఎన్నాళ్లుగా వాచి ఉన్నాయి అని అడిగింది. నాకు తెలియదు. సంక్రాంతికి నాలుగు రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాను. అరిసెలు చేసింది, నలుగురికీ వడ్డించింది. ఆమె మంచం మీద దిండ్లు ఎన్ని ఉన్నాయో నేను చూడలేదు.

ఆమె ఇంటికి వచ్చాక, మంచం టీవీ గదిలోకి మార్చాం. వాన పడుతోంది. బొమ్మ ఒక్కసారిగా గడులు గడులుగా విరిగి, నిలిచిపోయి, నల్లబడింది. వాన తగ్గాక కూడా మాటిమాటికీ అదే తంతు. మర్నాడు డిష్ కుర్రాడు వచ్చాడు. అతను మిద్దె ఎక్కకముందు రిమోటు తీసుకుని ఎప్పుడూ మేము చూడని ఒక పేజీ తెరిచాడు. రెండు పట్టీలు. ఒకటి సిగ్నల్ బలం, ఇంకోటి సిగ్నల్ నాణ్యత. రెండోది చాలా కిందికి ఉంది. "గాలికి డిష్ ఎప్పుడో జరిగింది సార్, నెలల కిందట" అన్నాడు.

"నెలలా? నిన్నటిదాకా బాగానే వచ్చిందే" అన్నాను.

"ఇందులో అంతే సార్. బొమ్మ చూసి చెప్పలేం. లోపలికెళ్లి చూడాలి."

నేను అతని మొహం చూశాను. అతను బొమ్మ గురించే అన్నాడు. అమ్మ అప్పుడు మూడు దిండ్ల మీద చేరగిలబడి నిద్రపోతోంది.

ఆ తరువాత కొన్ని రోజులు ఈ డిజిటల్ సంగతి పట్టుదలగా చదివాను. ఇందులో బొమ్మ తరంగానికి పోలికగా రాదు, అంకెలుగా వస్తుంది. డీవీబీ అనే పద్ధతిలో 188 బైట్ల పొట్లానికి పంపేవాళ్లే పదహారు బైట్లు అదనంగా కడతారు. దారిలో ఎనిమిది బైట్ల దాకా పాడైనా, ఆ అదనం సాయంతో ఇంట్లోని సెట్‌టాప్ పెట్టె లెక్కగట్టి మొత్తం సరిచేసి చూపిస్తుంది. ఆ పైన ఇంకో పొర రక్షణ కూడా ఉంటుంది. లోపల అంత మరమ్మతు జరుగుతున్నా తెర మీద జరీ అంచు మెరుస్తూనే ఉంటుంది. తొమ్మిదో బైటు పాడయ్యేదాకా మనకేమీ తెలియదు. అది దాటితే ఇక చుక్కలుండవు, నీడలుండవు, కాసేపు గడులు, తరువాత చీకటి. కొండ అంచున నడిచే మనిషి ఆఖరి అడుగు దాకా చదునైన నేల మీదే ఉన్నట్టు.

వాన సంగతి కూడా ఇంతే. పాత టీవీ తరంగాల పొడవు మీటర్లలో ఉండేది, వాన చినుకు వాటికి లెక్కే కాదు. డిష్‌కి వచ్చేవి రెండున్నర సెంటీమీటర్ల తరంగాలు. జడివాన వాటిని తాగేస్తుంది. మామూలుగా ఆ నష్టానికి కొంత మిగులు పెట్టుకునే అమరుస్తారు. మా డిష్ జరిగినప్పుడే ఆ మిగులు ఖర్చయిపోయింది. చూస్తూ కూర్చున్న మాకు తెలియలేదు.

అమ్మ ఎన్ని పదహార్లు కట్టిందో! ఫోను తీసేముందు ఆయాసం తీరేదాకా కూర్చునేదట. అందుకే నాలుగైదు రింగుల తరువాత ఎత్తేది. పనిలో ఉందేమో అనుకునేవాణ్ని. నేను వస్తున్నానంటే రెండు దిండ్లు తీసి బీరువాలో పెట్టేది. చీర కిందికి దించి కట్టేది, పాదాలు కనిపించకుండా. ఇదంతా ఎదురింటావిడ తరువాత చెప్పింది. ఇది దాపరికం అనడానికి నాకు నోరు రాదు. వినేవాడికి బాధ కలగకుండా చెప్పేవాళ్లే ముందుగా బరువు మోయడం అది. ఆ తరం ఆడవాళ్లకు అది పెంపకంలోనే వచ్చింది. నాయన మూలుగు వినడానికి ఇంట్లో ఒకరు ఉండాలి కదా, ఆ ఒకరు మూలగకూడదు.

నన్ను ఇంకా కలవరపెట్టింది వేరే సంగతి. మామూలు నాణ్యత గల బొమ్మను ఏమీ తగ్గించకుండా అంకెల్లో పంపితే సెకనుకు 270 మెగాబిట్లు కావాలి. అంత మొయ్యడం ఇంటి డిష్‌ల వ్యవహారంలో కుదరదు. కాబట్టి నాలుగైదు మెగాబిట్లకు కుదిస్తారు. ఎలాగంటే, పూర్తి బొమ్మ ఎప్పుడో ఒకసారే పంపుతారు, సాధారణంగా సెకనుకు ఒకటో రెండో. మధ్యలో వచ్చేవన్నీ 'ఇందాకటి లాగే, ఈ మూల మాత్రం కాస్త కదిలింది' అన్న కబుర్లే. పాత బొమ్మ మీదే పెట్టె కొత్త బొమ్మను కట్టుకుంటుంది. మధ్యలో సిగ్నల్ పోతే మొహం ఒకచోట, దాని నోరు ఇంకోచోట సాగి కనిపించేది అందుకే. పాత దాని మీద కొత్తది సరిగా కుదరదు. పూర్తి బొమ్మ మళ్లీ వచ్చేదాకా అలాగే ఉంటుంది.

"అంతా మామూలే" అని అమ్మ రోజూ పంపింది అదే కబురు. నేను నా దగ్గరున్న పాత బొమ్మ మీద దాన్ని అతికించుకుంటూ పోయాను. ఆ పాత బొమ్మలో అమ్మ యాభై అయిదేళ్ల మనిషి, రెండు బిందెలు ఒకేసారి మోసే మనిషి. సంక్రాంతికి ఎదురుగా కూర్చుని ఉన్నా నేను చూసింది ఆ మనిషినే. ఇంటికి పోవడమంటే పూర్తి బొమ్మ తెచ్చుకోవడమే. నేను పోయి కూడా తెచ్చుకోలేదు. అంతకంటే నన్ను నేను క్షమించుకోలేని తప్పు ఇంకోటి లేదు.

ఇప్పుడు నెలకోసారి వెళుతున్నాను. ఫోన్లో "ఎట్టుండావు" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడో తయారై ఉంది. ఈరోజు మిద్దె ఎక్కావా, ఎన్ని మెట్లకు ఆగావు, దుప్పట్లు ఎవరు ఆరేశారు, ముగ్గు ఎంత పెద్దది వేశావు అని అడుగుతాను. కొన్నిసార్లు విసుక్కుంటుంది. ఊరెళ్లినప్పుడు పొద్దున్నే ఆమె లేవకముందు దిండ్లు లెక్కపెడతాను. తరువాత మంచం అంచున కూర్చోబెట్టి మడమ పైన ఎముక మీద బొటనవేలితో నొక్కి వదులుతాను. గుంట పడితే అది పూడేదాకా మనసులో అంకెలు లెక్కబెట్టుకోమని డాక్టరమ్మ నేర్పింది. అమ్మ "చాల్లేరా, ఇదేం పరీక్ష" అంటూనే కాలు చాపుతుంది. ఇరవై ఏళ్లుగా ఎవరూ ఆమె పాదాలు పట్టుకుని చూడలేదని అప్పుడే తట్టింది.

నా భార్యనూ ఇలాగే అడగడం మొదలుపెట్టాను. ఆమె కూడా బాగుండా అనే మనిషే. మాటలు వేరు, హైదరాబాదు మాటలు. ఆ సంగతి ఆమెకూ నాకూ మధ్య ఇంకా నడుస్తోంది, ఇక్కడ రాయను.

పోయిన కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు వదలని వాన. నేను ఊళ్లోనే ఉన్నాను. రాత్రి అమ్మా నేనూ సీరియల్ చూస్తుంటే తెర గడులై, నల్లబడి, సిగ్నల్ లేదని తెల్ల అక్షరాలొచ్చాయి. ఇంతకు ముందైతే లేచి పెట్టె ఆపి వేసేవాణ్ని, వైరు కదిలించేవాణ్ని. ఆ రోజు లేవలేదు. కాసేపటికి కరెంటు కూడా పోయింది. ఇల్లంతా వాన చప్పుడు. మిద్దె మీద ఆ గొట్టానికి కట్టిన తాడు గాలికి కొట్టుకుంటున్న శబ్దం మాత్రం విడిగా వినిపిస్తోంది. ఇద్దరం అలా చాలాసేపు కూర్చున్నాం, ఏం మాట్లాడుకోకుండా.

"అబ్బయ్యా" అంది చీకట్లో.

"ఏందమ్మా."

"రెండు రోజుల్నించి ఇంకో దిండు కావాల్సొస్తా ఉంది."